చెల్లింపుకు నోచుకోని పోస్టల్ ఆర్డర్లు

పాత బ్రిటిష్ పోస్టల్ ఆర్డర్లు సేకరించేవాళ్ల ఆల్బమ్‌లలో ఎక్కువగా కనిపించేవి ఎవరూ డబ్బుగా మార్చుకోనివే. అందులో వింతేమీ లేదు. కౌంటరులో సొమ్ము చెల్లించాక ఆ కాగితం తపాలా శాఖ దగ్గరే ఉండిపోయేది, లెక్కలు తేలాక దాన్ని నాశనం చేసేవారు. పని పూర్తయినవి పోయాయి, పని జరగనివి మిగిలాయి. అందుకే, చేతికి దొరికినవాటిని చూసి ఆనాటి జనం వాడకం ఇలా ఉండేదని తేల్చేయడం తొందరపాటు అంటాను.

ఉదాహరణకు, ఒక షిల్లింగు ఆర్డర్లు ఎక్కువ కనిపిస్తే, పేదవాళ్లే వీటిని ఎక్కువ వాడారని అనిపించడం సహజం. పథకం పుట్టుక కూడా ఆ ఊహకు బలమిస్తుంది. హెన్రీ ఫాసెట్ పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉండగా, 1881 జనవరి 1న ఇవి అమ్మకానికి వచ్చాయి. అంతకుముందున్న మనియార్డరులో రాతకోతలు ఎక్కువ, చిన్న మొత్తాలకు కమీషన్ బరువు. కొత్త ఆర్డరులో మొత్తం ముందే అచ్చయి ఉండేది. ఒక షిల్లింగు నుంచి 20 షిల్లింగుల వరకు పది రకాలు. అతి చిన్నదానికి కమీషన్ అర పెన్నీ, పెద్దదానికి రెండు పెన్నీలు. బ్యాంకు ముఖం చూడనివాళ్లకు ఇది నిజంగా ఉపకారమే. కానీ పెట్టె అట్టడుగున పడిపోయిన షిల్లింగును మరిచిపోగలం గాని, అప్పటి వ్యవసాయ కూలీకి వారం కూలి కంటే ఎక్కువైన 20 షిల్లింగులను ఎవరు మరిచిపోతారు? చిన్నవి ఎక్కువ మిగలడానికి ఆ మతిమరుపు ఒక్కటే చాలు.

అలాగైతే ఈ కాగితాలకు సాక్ష్యంగా విలువే లేదా అని సేకర్తలు అడగొచ్చు. ఉంది, కాకపోతే అంకెలో కంటే తేదీ ముద్రలో ఉంది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే జనం బంగారు నాణేలు దాచుకోసాగారు. ఆ నెల 6న వచ్చిన చట్టం పోస్టల్ ఆర్డర్లను తాత్కాలికంగా చట్టబద్ధ చలామణీ చేసింది. మర్నాడే ఖజానా శాఖ ఒక పౌండు నోట్లు విడుదల చేసింది. ఆర్డర్లకున్న ఆ హోదా 1915 ఫిబ్రవరిలో పోయింది. అంటే 1914 సెప్టెంబరు ముద్రతో ఉన్న ఆర్డరు, పుట్టినప్పుడు కరెన్సీ. అదే విలువ గల 1913 నాటిది తపాలా పత్రం మాత్రమే.

చెల్లింపు జరిగిన ఆర్డరు కూడా భద్రంగా నిలవాలంటే దాని చుట్టూ వ్యాజ్యం ఉండాలి. 1908లో ఆస్బోర్న్ నౌకాదళ కళాశాలలో తోటి కేడెట్‌కు చెందిన ఐదు షిల్లింగుల ఆర్డరును దొంగిలించి మార్చుకున్నాడని జార్జ్ ఆర్చర్-షీ అనే పిల్లవాడిని పంపేశారు. ఆ ఆర్డరు మీది సంతకం అతనిదేనా అన్నదే వాదన. ఎడ్వర్డ్ కార్సన్ వాదించగా, 1910లో ప్రభుత్వం అతని నిర్దోషిత్వాన్ని ఒప్పుకుంది. ఐదు షిల్లింగుల కాగితం అంత దూరం లాక్కెళ్లింది!

ఇది చెల్లించిన ఆర్డర్లకు మినహాయింపే గాని నియమం కాదు. కొనేవాళ్లకు ఒకటే మాట: అమ్మేవాడు అరుదైన విలువ అని చెబితే వెంటనే నమ్మకండి. ముద్ర చదవగలిగేలా ఉందా, ఊరూ తేదీ తెలుస్తున్నాయా అని ముందు చూడండి. ఆ రెండూ లేని ఆర్డరుకు ఎక్కువ ధర పెట్టకండి.