చెప్పుకొనని నొప్పి: చెన్నపురి వైద్య చరిత్రలో ఒక పుట

చెన్నపురిలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు తిరువల్లిక్కేణి ఘోషా ఆసుపత్రి తెలియనిది కాదు. దానికి కస్తూరిబా గాంధీ పేరు పెట్టి చిరకాలమైనను, మన యిండ్లలోని పెద్దలు నేటికిని పాతపేరునే వాడుదురు. మనలో పలువురము అచ్చటనే పుట్టితిమి. అయితే ఆ వైద్యశాల యెవరి మొర విని పుట్టెనో స్మరించుట అరుదు. ఆ కథను చెప్పి, దానితో ముడిపడి యింకను ముగియని వేరొక కథను పాఠక మహాశయుల యెదుట ఉంచదలచితిమి.

ఈ పట్టణమున 1835లో వైద్య పాఠశాలయు, 1844లో ఎగ్మూరు ప్రసూతి వైద్యశాలయు వెలసినవి. కాని వైద్యులు పురుషులు. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుని యెదుటకు రారు. వచ్చినను తమ బాధను నోరు విప్పి చెప్పరు. వైద్యము నాలుగు వీథుల దూరముననే యున్నను అందక, ప్రసవవేళ ప్రాణములు కోల్పోయినవారెందరో. న్యాయవాదియైన భర్తతో ఇచ్చట నివసించుచుండిన మేరీ షార్లీబ్ అను ఆంగ్ల వనిత ఈ దుఃస్థితిని విని చలించి, తానే వైద్యురాలు కావలెనని సంకల్పించెను. సర్జన్ జనరల్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ ప్రోత్సాహముతో 1875లో ఆమెయు మరి ముగ్గురు స్త్రీలును మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. తరువాత ఆమె లండనులో ఉన్నత విద్య ముగించి 1883లో తిరిగివచ్చి, 1885లో ఘోషా స్త్రీలకొరకు ఈ వైద్యశాలను నెలకొల్పెను. దాని భవనమునకు మన వేంకటగిరి రాజావారు విరాళమొసగుట తెలుగువారికి గర్వకారణము.

ఈ చరిత్రవలన మేము గ్రహించిన దొక్కటి. చెప్పుకొనుటకు ఒక మనిషియు, వినుటకు ఒక చెవియు ఉన్నప్పుడే వైద్యము ఆరంభమగును. మందు తరువాతి మాట. ప్రసవ విషయమున ఆ చెవి దొరకినది. కాని నెలనెల వచ్చు నొప్పి విషయమున మన యిండ్లలో ఘోషా తొలగలేదు. వాము నమిలించుట, శొంఠి కషాయము త్రాగించుట, "ఆడుదానికి ఇది సహజమే, ఓర్చుకొనుము" అనుట, "పెండ్లియైన తగ్గును, బిడ్డ పుట్టిన తగ్గును" అని సరిపెట్టుట మనకు తెలిసిన వైద్యము.

అన్ని నొప్పులును సహజములు కావని శాస్త్రజ్ఞులు ఏనాడో గుర్తించిరి. గర్భాశయపు లోపొరవంటి పదార్థము గర్భాశయము వెలుపల పెరుగుటను 1860లోనే వియన్నా నగరమున రోకిటాన్‌స్కీ వర్ణించెను. అమెరికాలోని ఆల్బనీ నగరమున జాన్ శాంప్సన్ అను వైద్యుడు 1921లో అండాశయములలో ముదురు రక్తముతో నిండిన తిత్తులను గూర్చి వ్రాసెను. వానినే నేడు చాక్లెట్ తిత్తులందురు. ఋతురక్తములో కొంత వెలుపలికి పోక గర్భనాళముల గుండా వెనుకకు మరలి, పొత్తికడుపులో చేరి, అందలి కణములు అచ్చటనే నాటుకొనునని ఆయన 1927లో ప్రతిపాదించెను. ఈ వ్యాధికే ఎండోమెట్రియోసిస్ అని పేరు. అట్లు నాటుకొన్న భాగములు చుట్టునున్న అవయవములను వాపునకు గురిచేసి, ఒకదానితో నొకటి అతుకుకొనునట్లు చేయును. అందువలననే తీవ్రమైన నొప్పియు, కొందరిలో సంతానము కలుగకపోవుటయు సంభవించును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము సంతానయోగ్యమైన వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి, అనగా దాదాపు 19 కోట్ల మందికి, ఈ వ్యాధి కలదు. అయినను పేరు తెలియుటకే పెక్కేండ్లు పట్టుచున్నది. చిన్న మచ్చలు స్కానింగులో కనబడకపోవచ్చును. 1944 ప్రాంతమున ప్యారిస్‌లో రావుల్ పామర్ స్త్రీవ్యాధుల వైద్యమున వాడుకలోనికి తెచ్చిన లాపరోస్కోపీ పద్ధతివలన, సన్నని గొట్టము ద్వారా కడుపు లోపల చూచుట సాధ్యమైనది. రక్తము వెనుకకు మరలుట చాలమంది స్త్రీలలో జరుగునదే; మరి కొందరికే వ్యాధి యేల కలుగును? 60 వేలకు పైగా రోగుల జన్యువులను పరిశీలించి, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు తోటివారితో కలిసి 2023లో ప్రకటించిన పరిశోధనలో, ఈ వ్యాధికి సంబంధించిన 42 జన్యుస్థానములు బయటపడినవి. వానిలో కొన్ని తలనొప్పి, నడుమునొప్పి వంటి బాధలతోను సంబంధము గలవి. మన హైదరాబాదునందును ఉస్మానియా విశ్వవిద్యాలయము, సి.సి.ఎం.బి. పరిశోధకులు దక్షిణభారత స్త్రీలలో ఈ వ్యాధికి సంబంధించిన జన్యుభేదములను పరిశీలించి వ్యాసములు ప్రకటించిరి.

మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకే చదివినవారము; వైద్యమున మాకు ప్రవేశము లేదు. అయినను ఇది వ్రాయుటకు కారణము కలదు. ఒక కచేరీలో మేము ఏండ్ల తరబడి సెలవు చిట్టాలు వ్రాసితిమి. మన తెలుగు కుటుంబమునకు చెందిన టైపిస్టు ఒకామె నెలకు రెండు దినములు సెలవు కోరుచు, కారణము "కడుపునొప్పి" అని వ్రాయుచుండెను. మేము మూడేండ్ల చిట్టాలు తిరుగవేసి, తేదీలన్నియు ఇంచుమించు నాలుగు వారముల యెడముతో ఉన్నవని చూపి, "ఇది అలవాటుగా చెప్పు సాకు" అని నోటు పెట్టితిమి. అధికారి ఆమెను మందలించెను. మరుసటి యేడు ఆమె ఉద్యోగము మానుకొనెను.

పిదప మా కుమార్తెకు అదే బాధ వచ్చెను. ఆమె యనుమతితోనే వ్రాయుచున్నాము. ఆరేండ్లు మేమును కషాయములతోనే గడిపితిమి. తుదకు ఒక వైద్యురాలు ఆమెను కూర్చుండబెట్టి, "ఎప్పటినుండి? ఏ తేదీలలో? ఎన్ని దినములు?" అని వరుసగా అడిగి వ్రాసికొనెను. ఆ కాగితమును చూచినప్పుడు మాకు మా పాత చిట్టా జ్ఞప్తికి వచ్చినది. మాకు నేరమునకు సాక్ష్యమైన తేదీలే ఆ వైద్యురాలికి రోగమునకు సాక్ష్యమైనవి! ఆ టైపిస్టును క్షమాపణ కోరుటకు ఆమె ఇప్పుడెచ్చట ఉన్నదో మాకు తెలియదు. ఈ వ్యాసమే మా క్షమాపణ.

ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. హార్మోను మాత్రలు, నొప్పి మందులు, అవసరమైనచో శస్త్రచికిత్స, వీనితో చాలమందికి ఉపశమనము కలుగును. కొందరికి మరల రావచ్చును. పొత్తికడుపులో ఆరు నెలలకు మించి నిలుచు ప్రతి నొప్పియు ఇదియే యనుకొనరాదు. మూత్రాశయము, ప్రేగులు, కండరములు, గర్భాశయ క్షయ కూడ కారణములు కావచ్చును. ఏదియో తేల్చవలసినది వైద్యులే. మనము చేయదగిన పని చిన్నది. బిడ్డ నొప్పి యనిన నమ్మవలెను. ఒక నోటుపుస్తకము కొనియిచ్చి తేదీలు, నొప్పి తీవ్రత, బడి మానిన దినములు వ్రాయించవలెను. ఆ పుస్తకముతో తల్లియే గాక తండ్రియు వైద్యుని యొద్దకు వెంట వెళ్లవలెను.

ఘోషా ఆసుపత్రికి నాడు రాజావారు ధనమిచ్చిరి. నేడు మన మీయవలసినది కొంత సమయము, కొంత నమ్మకము మాత్రమే. మన యిండ్లలో ఏ ఆడపిల్లయు తన నొప్పిని తలుపు వెనుక దాచుకొనకుండుగాక యని మా విన్నపము.