వెన్నెల వెలుగు కాదన్న చట్టం

నిండు పున్నమినాడు ఎదుటి మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తున్నా, పాత ఇంగ్లండ్ చట్టం లెక్కలో అది చీకటే! ఈ సంగతి చదివిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస.

అక్కడ ‘బర్గ్లరీ’ అంటే ఉత్త దొంగతనం కాదు. పెద్ద నేరం తలపెట్టి, పరాయివాళ్లు కాపురముంటున్న ఇంట్లోకి రాత్రివేళ ఛేదించుకుని చొరబడటం. శిక్ష ఉరి. మరి రాత్రి ఎప్పుడు మొదలైనట్టు? సూర్యుడి వెలుగులో ముఖం ఆనవాలు పట్టగలిగితే పగలు, లేకపోతే రాత్రి. వెన్నెలను ఎందుకు వదిలేశారో 1769లో న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ ఇంగ్లండ్ చట్టాలపై తన వ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో వివరించాడు. వెన్నెలనూ వెలుగంటే అర్ధరాత్రి దొంగలు చాలామంది తప్పించుకుపోతారు. పైగా లోకమంతా ఆదమరిచి నిద్రపోయే వేళ మీద పడటమే ఆ నేరాన్ని అంత ఘోరం చేసిందని ఆయన భావం. ఎంత మనసున్న తర్కం!

నిద్ర విలువ మన కన్నపు దొంగకూ తెలుసు. మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో శర్విలకుడు జంధ్యంతో కొలతలు తీసి, పూర్ణకుంభం ఆకారంలో గోడకు కన్నం వేస్తాడు. లోపలివాళ్లు నిజంగా నిద్రపోతున్నారో, నటిస్తున్నారో పరీక్షించాకే, దీపం ఆర్పడానికి పురుగును వదులుతాడు.

1837లో ఇంగ్లండ్ పార్లమెంటు రాత్రికి గడియారం తగిలించింది: రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా. 1968లో ఆ షరతే తీసేసింది. అమెరికాలో 1962 నాటి నమూనా శిక్షాస్మృతి, సూర్యాస్తమయం అయిన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకే రాత్రి అంది. అక్కడి రాష్ట్రాలు మాత్రం నేరం పరిధిని పెంచుకుంటూ పోయాయి. కాలిఫోర్నియాలో దుకాణం, గుడారం, తాళం వేసిన కారు కూడా అందులో చేరాయి. పట్టపగలు తెరిచున్న దుకాణంలోకి దొంగబుద్ధితో అడుగుపెట్టినా బర్గ్లరీయే. 950 డాలర్ల లోపు సరుకైతే దాన్ని చిన్న నేరంగా వేరుచేయడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. నిద్రపోయేవాడి కోసం పుట్టిన మాట కారు అద్దాల దాకా సాగడం నాకు బాధగానే ఉంది.

మన దగ్గర రాత్రి ఇంకా బతికే ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, దొంగతనానికి ఇల్లు ఛేదిస్తే పగలు పదేళ్ల వరకు, సూర్యాస్తమయం తర్వాతైతే పద్నాలుగేళ్ల వరకు జైలు. హైదరాబాద్‌లో సాయంత్రం 6.15కి తాళం పగలగొడితే జూన్‌లో అది పగటి నేరం, డిసెంబర్‌లో రాత్రి నేరం.