రోమన్ గృహాల గోడల కట్టుబడి

ప్రాచీన రోమన్ గృహాల గోడలను స్థానికంగా దొరికే రాయి, ఇటుక, సున్నం, ఇసుకలతో నిర్మించేవారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ప్రేలి ఇటలీలోని పాంపే, హెర్కులేనియం నగరాలను పూడ్చివేసింది. ఆ ఇండ్ల గోడలు నిలిచి ఉండుట వలననే ఈ విషయం మనకు ఇంత వివరంగా తెలుస్తున్నది. క్రీ.పూ. మొదటి శతాబ్దికి చెందిన వాస్తుశిల్పి విట్రూవియస్ వ్రాసిన "డి ఆర్కిటెక్చురా" గ్రంథం మరొక ముఖ్య ఆధారం.

నిర్మాణ విధానం

పాంపేలోని "శస్త్రవైద్యుని ఇల్లు" వంటి పాత ఇండ్ల ముఖభాగాన్ని చెక్కిన పెద్ద సున్నపురాళ్ళతో కట్టారు. తరువాతి కాలంలో గోడకు ఇరువైపులా చిన్న రాళ్ళు పేర్చి, నడుమ రాతిముక్కలు, సున్నపు అడుసు నింపే పద్ధతి వ్యాపించింది. పైకి కనబడే రాళ్ళ అమరికను బట్టి దీనికి పేర్లు ఏర్పడ్డాయి. రాళ్ళు అడ్డదిడ్డంగా ఉంటే ఓపస్ ఇన్‌సెర్టమ్, వలకన్నులవలె ఏటవాలుగా ఉంటే ఓపస్ రెటిక్యులేటమ్. రెండవది అందమైనదే గాని సులభంగా బీటలు వారుతుందని విట్రూవియస్ అభిప్రాయం. క్రీ.శ. 62 నాటి భూకంపం తరువాత పాంపేలో జరిగిన మరమ్మతులలో కాల్చిన ఇటుక వాడకం ఎక్కువగా కనిపిస్తుంది.

చౌకగా, త్వరగా కట్టవలసినచోట కొయ్య చట్రం మధ్య రాళ్ళు, అడుసు నింపేవారు. ఇది మన తడికగోడకు దగ్గరి చుట్టం. హెర్కులేనియంలో ఇటువంటి ఇల్లు ఒకటి ఉన్నది. విట్రూవియస్‌కు ఈ గోడలంటే గిట్టదు. కాగడాలవలె అంటుకొంటాయని, అసలు కనిపెట్టకుండా ఉంటే బాగుండేదని ఆయన వాదన.

సున్నపు అడుసు

గోడ బలమంతా అడుసులోనే ఉన్నది. గనిలో త్రవ్విన ఇసుకైతే మూడు పాళ్ళకు, ఏటి ఇసుకైతే రెండు పాళ్ళకు ఒక పాలు సున్నం కలపాలని విట్రూవియస్ చెప్పాడు. ఏటి ఇసుకకు దంచిన పెంకుల పొడి చేరిస్తే మేలన్నాడు. మన పాత మేడలలో గానుగ సున్నానికి ఇటుకపొడి కలిపిన సంగతి ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. నేపుల్స్ ప్రాంతపు అగ్నిపర్వత బూడిద మట్టి కలిపిన అడుసు నీటిలో సైతం గట్టిపడేది.

రోమన్ అడుసులో కనిపించే తెల్లని సున్నపు పలుకులను చాలాకాలం సరిగా కలపకపోవుట వలన వచ్చిన లోపంగా భావించారు. పొడి సున్నాన్ని వేడిగా కలుపుట వలన అవి ఏర్పడ్డాయని, పగుళ్ళలోకి నీరు చేరినప్పుడు అవి కరిగి పగులును పూడ్చగలవని 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన సూచించింది.

మందము, మన్నిక

రోమ్ నగర చట్టం ప్రకారం ఉమ్మడి స్థలంలోని గోడ ఒకటిన్నర రోమన్ అడుగులకు (సుమారు 44 సెం.మీ.) మించరాదు. ఈ మందం గల పచ్చి ఇటుక గోడ ఒక్క అంతస్తునే మోయగలదు. జనసమ్మర్దం వలన మేడలు పెరిగిన రోమ్‌లో అది చాలలేదు. ఇరుగుపొరుగుల మధ్య ఉమ్మడి గోడకు వెల కట్టేటప్పుడు, మెత్తని రాతిముక్కల గోడైతే గడచిన ప్రతి ఏటికి వెలలో 80వ వంతు తగ్గించేవారు. అనగా దాని ఆయుర్దాయం 80 ఏండ్లే. నిట్టనిలువుగా నిలిచిన పచ్చి ఇటుక గోడకు మాత్రం ఈ తగ్గింపు లేదు.

బయటపడిన తరువాత ఈ గోడలకు వర్షమే పెద్ద శత్రువైంది. 2010 నవంబరులో పాంపేలో "నీతివాది ఇల్లు" అని పిలిచే గృహపు తోటగోడ కూలింది. ఇటువంటి నష్టాలను అరికట్టుటకు ఐరోపా సమాఖ్య సహాయంతో 2012లో "మహా పాంపే ప్రాజెక్టు" ఆరంభమైంది.