కట్లపాము పేరులో బంగారం

కట్లపాము ఒంటి మీద ఎంత వెతికినా బంగారు ఛాయ కనబడదు. నిగనిగలాడే నలుపు, వెలుగు పడితే కాస్త నీలి జిగి, అడ్డంగా సన్నని తెల్ల కట్లు, అంతే. అయినా ప్రపంచంలో ఏ మూల జంతుశాస్త్ర గ్రంథం తెరిచినా దాని పేరు ‘బంగారస్ సెరూలియస్’ అనే ఉంటుంది. సెరూలియస్ అంటే లాటిన్‌లో నీలం. బంగారస్ మాత్రం లాటినూ కాదు, గ్రీకూ కాదు. చివర ఒక సకారం తగిలించుకున్న మన బంగారమే. రెండూ కలిపి చదివితే ‘నీలి బంగారం’. విశాఖపట్నంలో సీతమ్మధార కొండవాలు వీధుల్లో వానాకాలం రాత్రి ఏ మెట్ల కిందో ఈ పాము కనబడితే, పట్టడానికి వచ్చినవాళ్ళు చెప్పే శాస్త్రీయ నామం ఎక్కడినుంచో దిగుమతి అయినది కాదు. ఈ జాతిని శాస్త్రం మొదట వర్ణించింది విశాఖపట్నం పామును చూసే. దాని పేరులో సగం ఈ తీరపు మాటే. పాముల పేర్లలోకి, చేపల పేర్లలోకి, చెట్ల పేర్లలోకి తెలుగు మాటలు ఇలా ఎలా చేరాయన్నది ఆసక్తికరమైన చరిత్ర. ఈస్టిండియా కంపెనీ ఉత్తర్వులు ఆ చరిత్రలో కొంతే చెబుతాయి. మిగతాది తెలియాలంటే కొన్ని స్నేహాల ఆనవాళ్ళు పట్టుకుని వెనక్కి నడవాలి.

ప్రకృతి శాస్త్రవేత్తల స్నేహం అనగానే మనకు గుర్తొచ్చేవి జంట ప్రయాణాలు. హంబోల్ట్, బాన్‌ప్లాన్ 1799 నుంచి 1804 దాకా దక్షిణ అమెరికా అడవుల్లో, కొండల్లో ఒకరి వెంట ఒకరు తిరిగారు. 1848లో వాలెస్, బేట్స్ ఒకే ఓడ ఎక్కి అమెజాన్ చేరారు. కొంతకాలానికి చెరో దారి పట్టినా ఇద్దరి పేర్లూ ఇప్పటికీ జంటగానే వినబడతాయి. ఉత్తర సర్కారు తీరంలో ఇంతటి జంట ప్రయాణం కనబడదు. కాబట్టి ఇక్కడ స్నేహం లేదనీ, ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుపోయారనీ అనుకోవడం తేలిక. కానీ స్నేహానికి కొలత కలిసి నడిచిన మైళ్ళు ఒక్కటే కాదు. ఒకడు మోసి అలసిన బరువును ఇంకొకడు అడగకుండానే భుజానికెత్తుకోవడం కూడా స్నేహమే. పల్లకీ బోయీలు భుజం మార్చుకున్నట్టు ఈ తీరంలో శాస్త్రం ఒకరి భుజం మీదినుంచి ఇంకొకరి భుజం మీదికి మారుతూ సాగింది.

మొదటి భుజం యోహాన్ గెర్హార్డ్ కోనిగ్‌ది. బాల్టిక్ ప్రాంతంలో పుట్టి, లిన్నేయస్ దగ్గర చదువుకుని, 1768లో తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువు, ఆపైన ఈస్టిండియా కంపెనీ కొలువు. మన కరివేపాకు శాస్త్రీయ నామంలో ‘కోనిగీ’ అని ఉన్నది ఈయన పేరే. పెట్టింది స్వయంగా లిన్నేయస్. రెండోవాడు పాట్రిక్ రసెల్, ఎడిన్‌బరో వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ఇరవై ఏళ్ళు ఉండి ప్లేగును దగ్గరగా చూసినవాడు. తమ్ముడు క్లాడ్‌కు విశాఖపట్నంలో కంపెనీ అధికారం దక్కితే, అతనికి తోడుగా 1781లో బయలుదేరి వచ్చాడు. అప్పటికి వయసు యాభై దాటింది. మూడోవాడు విలియం రాక్స్‌బర్గ్, సామర్లకోట దండులో వైద్యుడు, అక్కడే తోట వేసి మిరియాల మీద, నీలిమందు మీద ప్రయోగాలు చేసినవాడు. 1784లో కోనిగ్ కలకత్తా దారిలో విశాఖపట్నం వచ్చి రసెల్‌ను కలిశాడు. ఆ ప్రయాణంలోనే జబ్బుపడ్డాడు. 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో ప్రాణం పోయేటప్పుడు వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గ్. కోనిగ్ కాగితాలు అతని కోరిక మేరకు లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. కోనిగ్ మరణంతో ఖాళీ అయిన కంపెనీ ఉద్యోగం రసెల్‌కు వచ్చింది. రసెల్ తర్వాత అది రాక్స్‌బర్గ్‌కు వెళ్ళింది.

ఇది స్నేహం కాదు, ఖాళీల భర్తీ అని ఎవరైనా అనవచ్చు. అనడానికి ఆధారమూ ఉంది. కంపెనీకి కావలసింది రంగు, కలప, మందు, సిపాయిలను కాటేసే పాముల గుర్తులు. రసెల్ కుక్కల మీద, కోళ్ళ మీద విషప్రయోగాలు చేసింది, పైకి కనబడే లక్షణాలతో విషసర్పాన్ని పోల్చుకునే మార్గం వెతికింది ఆ అవసరం కొద్దీనే. కానీ రాక్స్‌బర్గ్ పుస్తకం సంగతి ఈ లెక్కకు లొంగదు. సర్కారు మొక్కల వర్ణనలను, బొమ్మలను లండన్‌కు పంపమని రాక్స్‌బర్గ్‌ను పురికొల్పినవాడు రసెల్. ఆయన పంపిన సుమారు 500 బొమ్మల నుంచి 300 ఎంచి, ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అన్న పేరుతో 1795 నుంచి పాతికేళ్ళ పాటు అచ్చువేశారు. ఆ మొదటి సంపుటానికి పీఠిక రాసింది కూడా రసెలే. అప్పటికి ఆయన సర్పాల పుస్తకం ఇంకా వెలుగు చూడలేదు. అది వచ్చింది 1796లో. తన పుస్తకం చేతిలో ఉండగా మిత్రుడి పుస్తకానికి ముందు దారి వేయమని ఏ కంపెనీ ఉత్తరువూ చెప్పదు. జీతం వాళ్ళను ఈ తీరానికి చేర్చింది, నిజమే. చేరాక ఒకరి పనిని ఒకరు నిలబెట్టడానికి వేరే కారణం ఉండాలి.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. రసెల్ తన సర్పాల పుస్తకంలో బొమ్మలకు ఎక్కువగా లాటిన్ పేర్లు పెట్టలేదు. జనం పిలిచే పేర్లే రాశాడు. పసుపు, నలుపు పట్టీలతో గంజాం తీరాన మన్సూర్‌కోట నుంచి వచ్చిన పాముకు ‘బంగారమ్ పామా’ అని రాశాడు. విశాఖపట్నం కట్లపాముకు ‘గెడి పరగూడు’ అని రాశాడు. 1801లో జర్మన్ పండితుడు ష్నైడర్ ఈ బొమ్మల ఆధారంగానే రెండింటికీ లాటిన్ పేర్లు పెట్టాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ వీటిని ఒకే ప్రజాతి కింద చేర్చి, దానికి బంగారస్ అని పేరు పెట్టాడు. పసుపు పట్టీల పాముకు నప్పిన పేరు, దాని నల్ల చుట్టానికీ అంటుకుంది. నీలి బంగారం పుట్టింది ఇలా. ఇక రక్తపింజర బొమ్మ కింద రసెల్ రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’. ఆ పాము వీపున వరసగా ఉండే మచ్చలను ఒక్కసారి చూసినవాళ్ళకు ఈ పేరు ఎంత నిశితమైనదో తెలుస్తుంది. ప్రతి మచ్చా ఒక పూరేకు, ప్రతి రేకు అంచుకూ కాటుక దిద్దినట్టు నలుపు. ఎడిన్‌బరో నుంచి వచ్చిన వైద్యుడు ఈ మాట పుట్టించలేడు. పామును చేతబట్టి తిప్పి చూసినవాడెవడో చెబుతుంటే రాసుకుని ఉండాలి. 1797లో లండన్‌లో షా అనే శాస్త్రవేత్త దానికి పేరు పెడుతూ కాటుకనూ వదిలేశాడు, రేకులనూ వదిలేశాడు, ‘రసెలీ’ అన్నాడు.

చేపల దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టం. 1803లో వచ్చిన రసెల్ పుస్తకం పేరులోనే విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలు అని ఉంది. అక్కడా బొమ్మల కింద జాలరి మాటలే. ‘పాలాసా’ అని ఒక బొమ్మ. 1829లో పారిస్‌లో శాస్త్రవేత్త క్యువియే దాన్ని పట్టుకుని ఒక చేపకు ‘క్లూపియా పాలాసా’ అని పేరు పెట్టాడు. అది మన పొలస, గోదావరి ఎదురెక్కాక పుస్తెలమ్మైనా తినాలనిపించే పులస. హామిల్టన్ అనే శాస్త్రవేత్త గంగాతీరంలో పెట్టిన ‘ఇలిషా’ ముందుది కాబట్టి శాస్త్రంలో అదే నిలిచింది. లేకుంటే బెంగాలీల ఇలిషాకు ప్రపంచమంతా పొలస అనే అనేది. ‘కున్నెసీ’ అన్న కత్తిపరిగె జాతి మాత్రం ‘కున్నెసియస్’గా ఇప్పటికీ బతికే ఉంది. వాలుగ ‘వల్లాగో’ అన్న ప్రజాతి అయింది. చెట్లలో రాక్స్‌బర్గ్ చండ్రకు ‘సుంద్ర’ అన్న పేరునే ఉంచాడు. జ్వరానికి సింకోనా బెరడుకు బదులు వాడవచ్చని ఆయన లోకానికి చెప్పిన సోమిడ చెట్టు 1830లో ‘సోయ్‌మిడా’ అన్న ప్రజాతిగా మారింది. ఈ పేర్లు పెట్టినవాళ్ళలో చాలామంది ఈ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. వాళ్ళ చేతికి అందింది బొమ్మ, వర్ణన, ఒక తెలుగు మాట.

ఇక్కడ ఒక శాస్త్రవేత్త అభ్యంతరం చెప్పవచ్చు, అదీ సబబైనదే. జనం పేర్లు ఊరూరికీ మారతాయి. ఒకే పేరు రెండు పాములకు ఉంటుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు అలాంటి పేరును నమ్మలేం. దానికి సాక్ష్యం రసెల్ పుస్తకంలోనే ఉంది. ‘గెడి పరగూడు’ కాటేస్తే మనిషి దక్కడం కష్టం. ‘నూని పరగూడు’ అని ఆయన రాసుకున్నది విషం లేని పాము. అయితే ఈ అభ్యంతరం లాటిన్ పేరు ఎందుకు కావాలో చెబుతుందే కాని, తెలుగు పేరు ఎందుకు అక్కర్లేదో చెప్పదు. లాటిన్ పేరు ఇల్లయితే, ఆ ఇంటికి చేర్చిన చిరునామా తెలుగు పేరు. ఆ చిరునామా సరిగ్గా ఉండబట్టే పారిస్‌లోనో బెర్లిన్‌లోనో కూర్చున్నవాడు ఇది ఫలానా తీరపు ఫలానా జీవి అని తేల్చగలిగాడు. పైగా పరగూడు అన్న ఉమ్మడి మాటకు ‘గెడి’ అనీ ‘నూని’ అనీ ముందు విశేషణం చేర్చి విడదీయడం ప్రజాతికి జాతిపేరు తగిలించే లిన్నేయస్ పద్ధతికి దూరమేమీ కాదు. ఆ వర్గీకరణ ఎక్కడ తప్పిందో చెప్పొచ్చు. వర్గీకరణే లేదనడానికి మాత్రం వీల్లేదు.

పంతొమ్మిదో శతాబ్ది నడుమ ఈ బరువు వాల్తేరులో ఇంకొక భుజం మీదికి మారింది. వాల్టర్ ఎలియట్ 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కార్లకు కమిషనర్. అమరావతి స్తూపాన్ని తవ్వించినవాడిగా చరిత్రకారులకు తెలుసు. ప్రకృతి పరిశీలకుడిగా తెలిసినవాళ్ళు తక్కువ. 1852లో విశాఖ రేవులో దొరికిన డాల్ఫిన్, 1853లో వాల్తేరు దగ్గర దొరికిన చిన్న తిమింగలం ఆయన ద్వారానే లండన్ చేరాయి. 1866లో రిచర్డ్ ఓవెన్ వాటిని వర్ణిస్తే లోకానికి రెండు కొత్త జాతులు తెలిశాయి: ఇవాళ చిలికా సరస్సులో జనం పడవలెక్కి వెళ్ళి చూసే ఐరావడ్డీ డాల్ఫిన్, మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం. ఆ తిమింగలానికి తెలుగు పేరు ‘వంగు’ అని పందొమ్మిదో శతాబ్దపు క్షీరదాల గ్రంథాల్లో నమోదైంది. ఎలియట్ పంపిన పావురాల చర్మాలకు డార్విన్ 1859లో తన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథం మొదటి అధ్యాయంలోనే కృతజ్ఞత చెప్పాడు. అదే 1859లో ఎలియట్ సొంత పుస్తకం ‘ఫ్లోరా ఆంధ్రికా’ మద్రాసులో అచ్చయింది. సర్కారు జిల్లాల మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రీయ నామాలు చూపే పట్టిక అది. రసెల్ ముందు బొమ్మ చూపి, దాని కింద తెలుగు మాట రాశాడు. ఎలియట్ ముందు తెలుగు మాట పెట్టి, అది ఏ మొక్కో వెతికాడు. అరవై ఏళ్ళు దాటేసరికి చిరునామాయే పుస్తకమైంది. నేరుగా కలిసి ఒక్క అడుగు వేయకపోయినా, రాక్స్‌బర్గ్ పేర్లు పెట్టిన మొక్కల మధ్యే ఎలియట్ తన పదాలు ఏరుకున్నాడు.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. పాములు పట్టినవాడూ, వల లాగినవాడూ, బొమ్మలు వేసినవాడూ ఈ స్నేహంలో ఉన్నట్టా? లేరనే చెప్పాలి. సమానులు కానివాళ్ళ మధ్య అవసరం ఉంటుంది, కూలి ఉంటుంది, అప్పుడప్పుడు ఆదరణ ఉంటుంది. స్నేహం అనే మాట అక్కడ వాడితే అబద్ధమవుతుంది. రక్తపింజరలో రసెల్, కరివేపాకులో కోనిగ్, పుత్రజీవి చెట్టులో రాక్స్‌బర్గ్, తూర్పు కనుమల చెట్టెలుకలో ఎలియట్ ఉన్నారు. మిత్రులు మిత్రులకు ఇచ్చుకున్న కానుకలవి. కాటుక రేకులను చూసినవాడి పేరు ఏ జాతికీ పెట్టలేదు. అయినా ఆ నలుగురి జ్ఞాపకం మనుషుల పేర్లుగా నిలిస్తే, ఇతనిది చూపుగా నిలిచింది. రసెలీ అన్న మాట ఆ పాము ఎలా ఉంటుందో చెప్పదు. కాటుక రేకుల పొడ చెబుతుంది. సీతమ్మధార మెట్ల కింద చుట్టుకుని ఉన్న నల్లపాములో బంగారం లేదు, నిజమే. ఆ మాటను మన్సూర్‌కోట ఇసుకలో పసుపు పట్టీల పామును చూసి మొదట పలికినవాడి కన్ను మాత్రం పొరపాటు పడలేదు.