ప్రళయం తరువాతి రాజ్యం: కాలజ్ఞానం, డోర్నకల్, వెండితెర

లోకం కూలిపోయాక మిగిలినవారి గతి ఏమిటన్న ప్రశ్న చుట్టూ అల్లిన భయానక నవలలకు పాశ్చాత్య సాహిత్యంలో దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మేరీ షెల్లీ 1826లో ప్రచురించిన ‘ద లాస్ట్ మ్యాన్’లో మహమ్మారి మానవజాతిని తుడిచిపెడుతుంది, రిచర్డ్ మాథిసన్ 1954లో రాసిన ‘ఐ యామ్ లెజెండ్’లో అంటువ్యాధి సోకి రక్తపిశాచాలుగా మారిన జనం మధ్య ఒక్క మనిషి మిగులుతాడు. ఈ రెండో నవల 1964, 1971, 2007 సంవత్సరాల్లో మూడుసార్లు సినిమాగా వచ్చింది. తెలుగులో క్షుద్రశక్తుల నవలలు వారపత్రికల్లో ధారావాహికలుగా వెల్లువెత్తిన 1980లలో కూడా ప్రళయానంతర నవల ఒక శాఖగా స్థిరపడలేదు. ఆ లోటు పాఠకులకు తెలియకపోవడానికి కారణం, ఆ పనిని అంతకు మూడు శతాబ్దాల ముందే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరిట చెలామణి అయిన కాలజ్ఞానం చేస్తూ ఉండటమే. దానికి తెరరూపం కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది.

కాలజ్ఞానమంటే రాబోయే కాలంలో జరగబోయేవాటిని ముందుగా చెప్పే రచన. ఇది బ్రహ్మంగారని జనం పిలుచుకునే ఈ స్వామికి మాత్రమే చెందిన ప్రక్రియ కాదు. 1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం కూలిన తరువాత తెలుగు, కన్నడ దేశాల్లో ఇటువంటి రచనలు అనేకం ప్రచారంలోకి వచ్చాయి. బ్రహ్మంగారి జీవితకాలంగా సంప్రదాయం చెప్పే పదిహేడో శతాబ్దంలో రాయలసీమ పాలకులు ఒకరి వెంట ఒకరు మారారు. గండికోట 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. ఆ గోల్కొండే 1687లో ఔరంగజేబు చేతికి చిక్కింది. ఆ తరువాత ఆరేళ్లకు, 1693లో, కందిమల్లాయపల్లెలో స్వామి జీవసమాధి అయ్యాడని మఠ సంప్రదాయం చెబుతుంది. అందువల్ల కాలజ్ఞానాన్ని రాబోయే ప్రళయాన్ని ఊహించిన గ్రంథంగా మాత్రమే చదవడం సగం చదవడమే అవుతుంది. ఒక రాజ్యం, దానితోపాటు ఒక లోకవ్యవస్థ కళ్లెదుటే కూలిన ప్రాంతంలో, ఆ శిథిలాల మధ్య నిలబడి చెప్పిన మాటలవి.

బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని స్వామి కాలజ్ఞానం రాశాడని, కొంత భాగాన్ని పాతిపెట్టి దానిపై చింతచెట్టు నాటాడని ఐతిహ్యం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, పాతిపెట్టిన ప్రతి ఒకటుందన్న ఆ ఐతిహ్యం గ్రంథానికి ఎంతో మేలు చేసింది: అచ్చులో ఉన్నదే మొత్తం కాదనే భావన నిలిచినంతకాలం కొత్త జోస్యానికి ఎప్పుడూ చోటుంటుంది. తత్త్వాలుగా, అంటే తంబుర మీటుతూ పాడే జ్ఞానబోధ పాటలుగా, ఆపైన ‘బ్రహ్మంగారి నాటకం’గా, తిరునాళ్లలో అమ్మే చిన్న పుస్తకాలుగా అది ఊరూరా తిరిగింది. ఎద్దులూ గుర్రాలూ లేకుండా బండ్లు నడుస్తాయి. ఒక వితంతువు దేశాన్ని ఏలుతుంది. ముఖానికి రంగు పూసుకునేవారు పాలకులవుతారు. కృష్ణ పొంగి బెజవాడ కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుంది. ఈశాన్యదిక్కున పుట్టిన వింత జబ్బుతో జనం కుప్పకూలుతారు. ఇటువంటి మాటలకు తేదీలు లేవు, పేర్లు లేవు. ప్రతి తరం తన కాలపు కష్టాన్ని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టుకుంది. భయం అక్కడితో ఆగదు. చివర వీరభోగ వసంతరాయలు ఖడ్గధారియై వచ్చి ధర్మరాజ్యం నిలుపుతాడు. మాథిసన్ కథలో మిగిలేది ఒంటరి మనిషి; ఇక్కడ మిగిలేది ఒక రాజు, ఆయన వెంట సజ్జనుల సమూహం.

ఆ సమూహంలో ఎవరుంటారన్నది సామాజికంగా గట్టి ప్రశ్న. స్వామి ప్రధాన శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ముస్లిం. మరో శిష్యుడు కక్కయ్య మాదిగ. సమాధి ఘట్టంలో పూల కోసం సిద్ధయ్యను బనగానపల్లెకు పంపి, అతడు తిరిగి వచ్చేలోగా స్వామి సమాధిలో ప్రవేశించడం, సిద్ధయ్య ఏడుపు విని పైకి వచ్చి దండం, కమండలం, పాదుకలు, ముద్రిక అతని చేతిలో పెట్టడం నాటక ప్రదర్శనల్లో జనాన్ని కదిలించే సన్నివేశం. గురుత్వ చిహ్నాలు కులమతాల గీత దాటి చేతులు మారాయన్నది అందులోని అసలు విషయం. కనుకనే ఈ సంప్రదాయం అట్టడుగు కులాల్లోకి చొచ్చుకుపోయింది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో వెలువరించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’, మాదిగ పెద్దల జ్ఞాపకాల ఆధారంగా రాసిన పుస్తకం. క్రైస్తవం రాకముందే వారిలో రాజయోగ బోధనలు చేసిన గురువుల ప్రభావం ఎంత ఉన్నదో అది నమోదు చేసింది. 1876-78 మహాక్షామం తరువాత, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఘటనను తిండిగింజల కోసం జరిగిన మతమార్పిడిగా కొట్టిపారేయడం తేలిక. యుగం మారబోతోందని, పాత వ్యవస్థ అంతరించి కొత్త రాజు వస్తాడని గురువుల నోట విన్నవారికి ఆ కరువు ఎలా కనిపించి ఉంటుందన్నది మాత్రం అంత తేలికగా వదిలేయదగిన ప్రశ్న కాదు.

ఆ ప్రశ్న నిజాం రాజ్యంలో డోర్నకల్ దగ్గర మరో రూపం తీసుకుంది. సింగరేణి వద్ద 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను కనుగొన్న తరువాత, ఆ బొగ్గును తరలించడానికి 1880ల చివర్లో వేసిన ఇల్లెందు శాఖామార్గం బెజవాడ వైపు సాగే ప్రధాన మార్గాన్ని కలిసేచోట డోర్నకల్ జంక్షన్ ఏర్పడింది. కాలజ్ఞానం విని పెరిగినవారికి ఎద్దులు లేని బండి అక్కడ కళ్లకు కట్టింది; బొగ్గు మింగి పొగ కక్కుతూ వచ్చే రైలును చూసి, స్వామి చెప్పింది దీని గురించేనని తీర్మానించుకోవడానికి పండిత వ్యాఖ్యానం అవసరం లేదు. అదే రైలుదారి పక్కన, తిరునెల్వేలిలో 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన సేవాక్షేత్రాన్ని ఏర్పరచుకుంది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా డోర్నకల్ పీఠాన్ని అధిష్ఠించాడు. ఆయన కాలంలో మాలమాదిగ పల్లెల నుంచి జనం సమూహాలుగా సంఘంలో చేరారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథీడ్రల్‌లో మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు ఒకే కప్పు కింద చేరాయి.

ఆ సంఘాల్లో చదివిన తెలుగు బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథం. యుద్ధం, కరువు, మరణం గుర్రాలెక్కి రావడం, సముద్రంలోంచి మృగం లేవడం, లోకం దగ్ధమయ్యాక కొత్త ఆకాశం, కొత్త భూమి వెలియడం అందులోని దృశ్యాలు. పంతొమ్మిదో అధ్యాయంలో తెల్లగుర్రంపై వచ్చే న్యాయాధిపతి, పురాణాల్లో కత్తి పట్టి తెల్లగుర్రమెక్కి వచ్చే కల్కి, కాలజ్ఞానంలోని వీరభోగ వసంతరాయలు, ఈ ముగ్గురి మధ్య చారిత్రక సంబంధాన్ని నిరూపించే ఆధారాలు లేకపోయినా, డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలో ఈ ముగ్గురి కథనూ వినగల మనిషి ఉండటానికి కావలసిన పరిస్థితులన్నీ ఉన్నాయి. బోధకుడు చెప్పిన బీభత్సం శ్రోతకు పూర్తిగా పరాయిది కాదు.

ఈ నోటిమాటల సంప్రదాయానికి పెద్ద మలుపు సినిమాతో వచ్చింది. ఎన్.టి. రామారావు స్వయంగా దర్శకత్వం వహించి, ప్రధానపాత్ర ధరించిన ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ సెన్సారు చిక్కుల్లో ఏళ్లపాటు నలిగి 1984 నవంబరు 29న విడుదలైంది. సిద్ధయ్య పాత్రను ఆయన కుమారుడు బాలకృష్ణ పోషించాడు. చిత్రం తలపెట్టిననాటికీ విడుదలైననాటికీ మధ్య రాష్ట్ర రాజకీయం తలకిందులైంది: 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు, 1984 ఆగస్టులో పదవి కోల్పోయి సెప్టెంబరులో తిరిగి పొందాడు, అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్యకు గురైంది. రంగు పూసుకునేవారు ఏలుతారన్న జోస్యాన్ని, రంగు పూసుకున్న ముఖ్యమంత్రే కాషాయం కట్టి తెరపై చెబుతుంటే చూసినవారికి, ఆ మాట ఎవరికి వర్తిస్తుందో వేరే చెప్పనక్కరలేకపోయింది. నవలను తెరకెక్కించేవారు ముగింపు మార్చడం మామూలే. మాథిసన్ నవలలో కొత్త సమాజం దృష్టిలో తానే రాక్షసుడనని నాయకుడు గ్రహిస్తే, 2007 నాటి చిత్రం థియేటర్లలో అతణ్ణి మందు కనిపెట్టిన త్యాగమూర్తిగా చూపింది. రామారావు మార్చింది ముగింపును కాదు, ఖాళీలను. ఎవరినైనా కూర్చోబెట్టుకోగల పీటల మీద సినిమా ఒక తరం ముఖాలను శాశ్వతంగా కూర్చోబెట్టింది. కళాఖండంగా దాని విలువపై వాదానికి చోటున్నా, కాలజ్ఞానం చరిత్రలో ఇంత బలంగా పనిచేసిన వ్యాఖ్యానం మరొకటి లేదు.

అయినా ఖాళీలు మూతపడలేదు. 2020లో కరోనా వ్యాపించగానే వింత జబ్బు జోస్యం పాత సినిమా దృశ్యాలతో సహా ఫోన్లలో చక్కర్లు కొట్టింది. మూలప్రతిలో లేని వాక్యాలు కూడా స్వామి పేరిట పుట్టుకొచ్చాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ వచ్చింది. మాథిసన్ నవల ప్రేరణతో జార్జ్ రొమేరో 1968లో రూపుదిద్దిన శవసమూహాల సినిమా వరుస, దానితో తిరుగుతూ తిరుగుతూ కర్నూలు సీమకు, అంటే బనగానపల్లె ఉన్న సీమకే, చేరింది. 2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ లోకంలో మిగిలిన చివరి నగరంగా, గంగ ఎండిన కాశీని చూపింది. ఎడారిగా మారిన నేల, నీటిని, గాలిని, పచ్చదనాన్ని తమకే దాచుకున్న పైలోకం, ఒక గర్భిణిని కాపాడటానికి తరతరాలుగా ఎదురుచూసే శంబల జనం అందులో ఉన్నారు. మూడు గంటల చిత్రం ముగిసే సమయానికి ఆ కల్కి ఇంకా పుట్టనేలేదు.