అశ్వారావుపేట పరిసరాలలో నివాస స్థలాల ఎంపిక

అశ్వారావుపేట, తెలంగాణ రాష్ట్రములోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన మండల కేంద్రము. 2016 అక్టోబరు వరకు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. ఈ మండలానికి ఆంధ్రప్రదేశ్ సరిహద్దుగా ఉన్నది. సాధారణంగా ఒక ఊరి శివారులో ఇంటి స్థలము కొనేటప్పుడు రహదారి, ఉపాధి, నీటి వసతి, పాఠశాలలు వంటివి చూస్తారు. ఈ ప్రాంతములో వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఆ గ్రామము షెడ్యూల్డు ప్రాంతములో ఉన్నదా, లేదా అన్న విషయము.

చట్ట నేపథ్యము

భారత రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారా షెడ్యూల్డు ప్రాంతాలు ప్రకటించబడినవి. వీటినే వాడుకలో ఏజెన్సీ అంటారు. అశ్వారావుపేట మండలములోను, చుట్టుపక్కల మండలాలలోను ఇటువంటి గ్రామాలు ఉన్నవి. కోయ, కొండరెడ్డి తెగల వారు ఈ ప్రాంతపు ఆదివాసులు. అప్పుల వలన, మైదాన ప్రాంతాల నుండి వచ్చిన వలసల వలన గిరిజనుల భూములు అన్యాక్రాంతము కావడముతో ప్రభుత్వము బదలాయింపులను నియంత్రించినది.

* 1959: ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీలో భూ బదలాయింపు నిబంధన (1/59) వచ్చినది.
* 1963: దీనిని తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు.
* 1970: సవరణ నిబంధన (1/70) ఫిబ్రవరి 3 నుండి అమలులోకి వచ్చినది. వాడుకలో "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది దీనినే.
* 1988: 1/70 చెల్లుతుందని సుప్రీంకోర్టు పి.రామిరెడ్డి కేసులో తీర్పు చెప్పినది.
* 1997: ప్రభుత్వము కూడా ఏజెన్సీలోని తన భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదని సమత కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది.

1/70 ప్రకారము ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనులకు, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా గల సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదలాయించరాదు. అమ్మేవారు గిరిజనేతరులైనా ఇదే నియమము. అమ్మకమే కాక కౌలు, దానము, మార్పిడి కూడా దీని పరిధిలోకి వస్తాయి. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టము ముందుగా భావిస్తుంది; కాదని నిరూపించవలసిన భారము ఆ గిరిజనేతరునిదే. అమ్మదలచిన గిరిజనేతరునికి కొనే గిరిజనుడు దొరకనప్పుడు ఆ భూమిని ప్రభుత్వానికి అప్పగించి పరిహారము పొందవచ్చును.

తక్కువ ధర వెనుక కారణము

ఏజెన్సీ గ్రామాలలో తెల్ల కాగితము మీద, నోటరీ ఒప్పందము మీద, లేదా గిరిజనుని పేరు పెట్టి బినామీగా స్థలాలు చేతులు మారడము జరుగుతూ ఉంటుంది. వీటి ధర తక్కువగా కనిపించడానికి కారణము అందులో హక్కు లేకపోవడమే. గిరిజనేతరుడైన కొనుగోలుదారు దానిని తన పేర రిజిస్టరు చేయించుకోలేడు, బ్యాంకులో తాకట్టు పెట్టలేడు, చట్టబద్ధముగా తిరిగి అమ్ముకోలేడు. భూ బదలాయింపు కేసు నమోదైతే భూమి నుండి తొలగించబడవచ్చును. అమ్మిన గిరిజన కుటుంబము మాత్రము అసలు విలువలో కొంత భాగానికే భూమిని పోగొట్టుకుంటుంది. కనుక ఇటువంటి బేరములో నష్టము ఇరువైపులా ఉన్నది.

గిరిజన కొనుగోలుదారులు ఏజెన్సీలో స్థలము కొనుటకు ఈ నిషేధము అడ్డు కాదు. 1971 సవరణ వలన వారు గుర్తింపు పొందిన బ్యాంకుల వద్ద, సహకార సంస్థల వద్ద భూమిని తాకట్టు పెట్టి ఋణము పొందవచ్చును.

గిరాకీకి ఆధారాలు

అశ్వారావుపేటలో పామాయిల్ కర్మాగారము, వ్యవసాయ కళాశాల ఉన్నవి. ఖమ్మం, సత్తుపల్లి నుండి జంగారెడ్డిగూడెం, రాజమండ్రి వైపు వెళ్ళే రహదారి ఈ ఊరి మీదుగా పోతుంది. ఉద్యోగులు, విద్యార్థుల వలన అద్దె ఇళ్ళకు గిరాకీ ఉంటుంది.

గిరిజనేతరులు సాధారణంగా పరిశీలించగలిగినవి ఏజెన్సీ వెలుపలి పట్టణాలు. పడమర వైపు ఖమ్మం జిల్లాలోని సత్తుపల్లికి సింగరేణి బొగ్గు గనులు ఆధారము. తూర్పు వైపు ఏలూరు జిల్లాలోని జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతపు వ్యాపార కేంద్రము. ఈ రెండు పట్టణాల సమీపము నుండి ఖమ్మం - దేవరపల్లి నాలుగు వరుసల రహదారి తలపెట్టబడినది. అయితే రాష్ట్ర సరిహద్దు దాటినంత మాత్రాన ఏజెన్సీ ముగియదు. అశ్వారావుపేటకు ఆనుకొని ఉన్న జీలుగుమిల్లి మండలములోను షెడ్యూల్డు గ్రామాలు ఉన్నవి. అక్కడ కూడా 1/70 వర్తిస్తుంది.

కొనుటకు ముందు చూడవలసినవి

* రెవెన్యూ గ్రామము పేరు. ప్రకటనలోని కాలనీ పేరు, తపాలా చిరునామా దీనికి సరిపోవు. ఆ గ్రామము షెడ్యూల్డు జాబితాలో ఉన్నదో లేదో తహసీల్దారు కార్యాలయములో వ్రాతపూర్వకముగా తెలుసుకోవాలి.
* భూమి స్వభావము. ప్రభుత్వము పేదలకు ఇచ్చిన అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 చట్టము నిషేధించినది. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టా వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్మకానికి పనికిరాదు.
* వ్యవసాయ భూమిని నివాస వినియోగానికి మార్చిన ఉత్తర్వు, లేఅవుట్ అనుమతి.
* సబ్ రిజిస్ట్రారు కార్యాలయము ఇచ్చే ఈసీ, పాత దస్తావేజుల వరుస.
* 500 చదరపు మీటర్లు మించిన స్థలములో వేసిన లేఅవుట్ అయితే రెరా నమోదు.

ఇవి కూడా చూడండి

* భద్రాద్రి కొత్తగూడెం జిల్లా
* ఐదవ షెడ్యూలు
* కోయ
* జంగారెడ్డిగూడెం