ఉక్కునగరంలో పండవానీ: వెలివేతను దాటి వేదికనెక్కిన పాట

ఛత్తీస్‌గఢీ భాషలో మహాభారత గాథను గానం చేసే జానపద కళారూపం పండవానీ. ప్రధాన గాయని ఒక చేత తంబూరా, మరో చేత కరతాళాలు ధరించి కథ నడుపుతారు. హార్మోనియం, తబలా, ఢోలక్ వాద్యకారుల మధ్య కూర్చున్న ‘రాగి’ ఊఁ కొడుతూ, చివరి మాటను అందుకుంటూ, శ్రోతల పక్షాన ప్రశ్నలు వేస్తూ ఉంటారు. బుర్రకథ ఎరిగిన తెలుగువారికి ఇది పరాయిదిగా తోచదు. కథకుని ఇరుపక్కల నిలిచే వంతలు చేసేదీ దాదాపు ఇదే పని. ఒంటరిగా పాడేందుకు వీలులేని కళ ఇది.

దీనిలో రెండు శైలులున్నాయి. కూర్చుని పాడేది వేదమతి, నిలబడి అభినయిస్తూ పాడేది కాపాలిక. కాపాలిక శైలి చాలాకాలం పురుషులకే పరిమితమై ఉండేది. ఆ హద్దును చెరిపివేసినవారు తీజన్ బాయి. భిలాయికి సమీపంలోని గనియారీ గ్రామంలో, పార్ధీ సామాజికవర్గంలో 1956లో ఆమె జన్మించారు. మాతామహుడు బ్రిజ్‌లాల్ పాడుతుండగా విని కథలు కంఠస్థం చేశారు. స్త్రీ అయి ఉండి పండవానీ పాడినందుకు సొంత కులమే ఆమెను వెలివేసింది. తన 13వ ఏట పొరుగు గ్రామంలో ఇచ్చిన తొలి ప్రదర్శనకు ఆమెకు ముట్టినది 10 రూపాయలు. రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ దృష్టిలో పడిన తరువాత ఆ గానం దేశమంతటికీ చేరింది.

తీజన్ బాయికి ఉద్యోగమిచ్చినది భిలాయి ఉక్కు కర్మాగారం. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మితమైన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తెలుగువారితో సహా అనేక రాష్ట్రాలవారు ఇక్కడికి తరలివచ్చారు. టౌన్‌షిప్ క్వార్టర్లలో భిన్న భాషలవారు ఇరుగుపొరుగయ్యారు. అందుకే భిలాయిని ‘మినీ భారత్’ అంటారు. అయితే ఆ మాట పూర్తి చిత్రం కాదు. ఇక్కడ సుదీర్ఘకాలం పరిశోధించిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ, పర్మనెంట్ ఉద్యోగులకూ కాంట్రాక్టు కార్మికులకూ నడుమ పెరిగిన అగాధాన్ని తన గ్రంథంలో వివరించారు. కర్మాగారం కోసం భూములిచ్చిన స్థానిక ఛత్తీస్‌గఢీలను బయటినుంచి వచ్చినవారు వెనుకబడినవారిగా చూసిన కాలమూ ఉంది.

ఆ నేపథ్యంలో చూస్తేనే స్థానికుల పాటకు దక్కిన గౌరవం విలువ తెలుస్తుంది. కర్మాగారం నిర్వహిస్తూ వచ్చిన ఛత్తీస్‌గఢీ లోక కళా మహోత్సవాలు పల్లె కళాకారులను ఉక్కునగరం వేదికపైకి తెచ్చాయి. భాష పూర్తిగా రాకున్నా భీముడి కథ తెలియనివారు ఉండరు కదా! బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించగా, మరుసటి ఏడాదే అది తీజన్ బాయిని వరించింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ కూడా ఆమెకు లభించాయి.

పాట వల్ల కాంట్రాక్టు కార్మికుని వేతనం పెరగలేదు. కానీ ఎవరి కథను వేదికపై పాడవచ్చుననే హద్దు మాత్రం జరిగింది. భిలాయికే చెందిన ఉషా బార్లే, సత్నామీ సమాజ గురువు ఘాసీదాస్ జీవితగాథను పండవానీ బాణీలో గానం చేస్తున్నారు. కులభేదాలను నిరసించిన గురువు కథను మహాభారతం కోసం రూపొందిన కళలో పాడిన ఆమెకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు.